విదోసావ ఒలిచిన పసుపు ఫిల్ము

లెస్కోవాత్స్ ఊళ్లో వాహనాల తనిఖీ కేంద్రం గేటు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. విదోసావ పదకొండేళ్లపాటు ఆ షెడ్డులో కూర్చుని కార్ల హెడ్‌లైట్ల మీది పాత ఫిల్ములు ఒలిచింది. కంకర లారీల వెనక తిరిగే ఊరు కాబట్టి రాళ్లు తగలకుండా జనం లైట్లకి ఫిల్ము అంటించుకుంటారు. కుర్రకారైతే సోకు కోసం పసుపుదో, పొగరంగుదో వేయించుకుంటారు. నాలుగు వేసవులు ఎండలో మాడేసరికి ఆ ఫిల్ము పెళుసెక్కి, అంచులు లేచి, పాముపొరలా తయారవుతుంది. ఏడాదికోసారి తనిఖీకి తెస్తే లోపల తనిఖీ చేసే బ్లగోయె ఒక్క చూపు చూసి, "లైటు తెల్లగా పడాలి నాయనా, ఇది పచ్చకామెర్ల లైటు. పో, తీయించుకుని రా" అని కాగితం వెనక్కిచ్చేసేవాడు. వాళ్లు తిట్టుకుంటూ బయటికొచ్చి నేరుగా విదోసావ షెడ్డు ముందు ఆగేవాళ్లు.

అందరూ తొందరలోనే వచ్చేవాళ్లు. ఆమె మాత్రం తొందరపడేది కాదు. లైట్లు ఆర్పించి, చల్లారేదాకా ఆగేది. సబ్బునీళ్లతో దుమ్ము కడిగేది. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా గీత పడుతుందని రెండోసారి కడిగేది. చుట్టూ పెయింటు మీద కాగితపు టేపు వేసి, హీట్‌గన్‌ని జానెడు దూరాన పట్టుకుని, ఒకచోట నిలపకుండా అటూ ఇటూ ఆడించేది. ఫిల్ము మెత్తబడ్డాక ఒక మూల గోరుతో లేపి, దాన్ని దాని మీదికే మడిచినట్టుగా వెనక్కి లాగేది. పైకి గుంజితే చిరుగుతుంది. ఎక్కువ వేడి పెడితే సాగిపోతుంది, అడుగునున్న లైటు కూడా ఉడికిపోతుంది. అద్దం అంటాం గానీ ఇప్పటి కార్లకి ఉన్నది ప్లాస్టిక్కు. మిగిలిన జిగురుకి స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డ, ఓపిక, అంతే.

ఒకసారి ఒక పెద్దమనిషి జేబులోంచి బ్లేడు తీసి, "దీంతో గీకెయ్యి విదక్కా, రెండు నిమిషాల పని" అన్నాడు.

"ఆ బ్లేడు నీ గడ్డానికి పెట్టుకో బాబూ, అక్కడ గీతలు పడ్డా మళ్లీ మానతాయి."

"పోనీ థిన్నర్ పొయ్యి."

"పోస్తా. పోశాక మీ ఆవిడ కళ్లజోడు తెచ్చి లైటుకి కట్టుకో, దారి కనపడదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమె హాస్యం ఎప్పుడూ మొహంలోకి వచ్చేది కాదు.

అంతకుముందు ఇరవై రెండేళ్లు ఆమె ఊరి మిల్లులో నేతపని చేసింది. పక్క మగ్గం యెలిత్సాది. ఇద్దరూ ఒకే ఏడాది చేరారు, ఒకే రోజున మిల్లు మూతపడి ఇంటికొచ్చారు. మధ్యలో విదోసావకి పెళ్లయింది. భర్త పేరు రాదిసావ్. తాగినప్పుడు కొట్టేవాడు, తాగనప్పుడు ఇంకాస్త గురిచూసి కొట్టేవాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆమెకి తెలిసొచ్చింది ఒకటే. దెబ్బ పడబోతోందని తెలియగానే గోడవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, రెండు మోచేతులతో కడుపు కప్పుకోవాలి. అరవకూడదు, అరిస్తే వాడికి హుషారు. ఒక్కసారి కూడా ఆమె తిరగబడలేదు. తిరగబడొచ్చన్న ఆలోచనే ఆమెకి రాలేదు. ఆఖరికి రాదిసావ్ తోటలో ట్రాక్టరు కింద పడి చచ్చిపోయాడు. శవం దగ్గర విదోసావ పొడికళ్లతో కూర్చుని ఉంటే, అందరికీ కాఫీలు పోస్తున్న యెలిత్సా వంగి చెవిలో, "ఊరంతా చూస్తోందే. ఏడుపు రాకపోతే చెప్పు, వంటింట్లోంచి ఉల్లిపాయ తెస్తా" అంది. ఆ మాటకి విదోసావకి నవ్వు తన్నుకొచ్చింది. చున్నీలో మొహం దాచుకుని భుజాలు అదిరేలా నవ్వింది. ఊరు దాన్ని ఏడుపనే అనుకుంది.

మిల్లు మూసిన రోజున గోదాంలో మిగిలిన ఉన్ని నూలు కార్మికులు తలా ఇంత పంచుకున్నారు. యెలిత్సా నీలిరంగు పుచ్చుకుంది. దాంతో ఒక స్వెట్టరు అల్లుకుని ఏళ్లతరబడి అదే తొడిగింది. మోచేతులు చిరిగితే మళ్లీ అదే నూలుతో కుట్టుకునేది.

ఆ స్వెట్టరు మీదే ఆమె చచ్చిపోయింది.

సెప్టెంబరు నెల. ఊళ్లో ప్రతి పెరట్లోనూ ఐవార్ పచ్చడికి ఎర్ర మిరపకాయలు కాలుతున్నాయి. పొద్దు వాలుతుండగా యెలిత్సా పొలం నుంచి సైకిలు మీద మిరపకాయల బస్తా వేసుకుని వూచ్యె రోడ్డు మీద వస్తోంది. వెనకనుంచి ఏదో బండి గుద్దింది. గుద్ది ఆగలేదు. సైకిలునీ మనిషినీ కలిపి నలభై అడుగులు ఈడ్చుకుపోయి, కాలవగట్టు దగ్గర వదిలేసి వెళ్లిపోయింది. మొదట చూసినవాళ్లు రోడ్డంతా నెత్తురనుకున్నారు. దగ్గరికెళితే చాలా మటుకు చితికిన మిరపకాయలు. మిగతాది నెత్తురే. ఆమె అప్పటికింకా బతికే ఉందనీ, పావుగంట ఊపిరి తీసిందనీ డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ పావుగంటలో ఎవడైనా బండి ఆపి ఉంటే, అని ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు.

ఖననం అయ్యాక యెలిత్సా భర్త మిలాదిన్ శ్మశానం గేటు దగ్గర అందరికీ వినపడేలా అన్నాడు: "ఎవడో నాకు పేరు చెప్పండి చాలు. పోలీసులక్కర్లేదు, కోర్టక్కర్లేదు. గొడ్డలి నా దగ్గరుంది."

మూడోరోజున విదోసావ వాళ్లింటికి అన్నం గిన్నె పట్టుకెళ్లింది. పెరట్లో నలిగిపోయిన సైకిలు పడేసి ఉంది. ఎందుకో దగ్గర కూర్చుని చక్రం తిప్పింది. వంగిన పుల్లల మధ్య బొటనవేలంత ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. పసుపు రంగు, ఒకవైపు నున్నగా, ఒకవైపు జిగురుగా. వేళ్లకి తగలగానే ఆమెకి తెలిసిపోయింది. అలాంటివి రోజుకి పది ఒలిచే మనిషి ఆమె. మిలాదిన్ లోపలున్నాడు. పిలవలేదు. ముక్కని రుమాల్లో చుట్టుకుని నేరుగా పోలీసు ఇన్స్పెక్టర్ జగోర్కా దగ్గరికి వెళ్లింది.

జగోర్కా సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే మనిషి. ముక్కని కవర్లో వేసి సీలు వేసింది.

"పెద్దమ్మా, ఇది మంచిదే. కానీ ఇంత ముక్క పట్టుకుని జిల్లాలో కార్లన్నీ వెతకలేను. షెడ్లలో అడిగిస్తాను. మిగతా ఫిల్ము దొరికి, చిరుగుకి చిరుగు అతికితే, అప్పుడు దేవుడొచ్చినా వాణ్ని కాపాడలేడు."

"సాగకుండా దొరకాలి కదమ్మా."

"అంటే?"

"వేడి ఎక్కువ పెట్టి లాగితే అంచు సాగుతుంది. అప్పుడు అతకదు."

జగోర్కా తన ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చింది.

ఆ తర్వాత ఆరు రోజులకి, ఉదయం తొమ్మిదింటికి, వుకాషిన్ కారు షెడ్డు ముందు ఆగింది. వుకాషిన్ కంకర క్వారీ యజమాని దోబ్రివోయె కొడుకు. ముప్పై ఏళ్లవాడు, ఎడ్లబండి ఇరుసులాంటి మెడ. ఊళ్లో ఆ తండ్రీకొడుకులకి ఎదురు చెప్పేవాళ్లు లేరు. చెప్పిన ఇద్దరు ముగ్గురూ పళ్లు రాలగొట్టించుకుని తర్వాత మెట్ల మీంచి పడ్డామని చెప్పుకున్నారు. కారు పెద్ద నల్లటి జీపు. ముందు బంపరు కొత్తది, మిగతా ఒంటికంటే ఒక పాలు ఎక్కువ మెరుస్తోంది. లైట్లకి పసుపు ఫిల్ము. ఎడమదాన్ని ఎవరో చాకుతో గీకబోయి సగం పెళ్లలుగా ఊడగొట్టారు. కుడిది పూర్తిగా ఉంది, కింది మూలలో బొటనవేలంత తప్ప.

విదోసావ ఆ మూలకేసి చూసింది. తర్వాత కాగితపు టేపు చుట్ట కోసం వెతుకుతున్నట్టు బల్లవైపు తిరిగింది. 

"ఏయ్ ముసలిదానా, రెండూ పీకెయ్యి" అన్నాడు వుకాషిన్. "పదకొండింటికి తనిఖీ నాది. లైటు మీద గీత పడిందో, నీ షెడ్డు లేపేస్తా."

"గీతలు ఎవరో ముందే పెట్టారు బాబూ, ఎడమదానికి."

"నేనే. ఆ దరిద్రం రావట్లేదు, పొడి పొడిగా రాలిపోతోంది. నువ్వైతే తీస్తావని చెప్పారు. తీసినవి పారెయ్యకు, నాకియ్యి. తగలెట్టాలి."

"పాత ఫిల్ముని తగలెట్టడం దేనికి?"

వాడు ఆమె మొహంలో మొహం పెట్టాడు. పొద్దున్నే రకియా సారా వాసన. "నిన్ను ఒలవమన్నా. అడగమనలేదు."

ఆమె కారుని షెడ్డు లోపలికి పెట్టించి, ఎడమ లైటుతో మొదలుపెట్టింది. పెళ్లలుగా రాలుతున్నవాటిని ఒక్కొక్కటే లేపి డబ్బాలో వేసింది. వుకాషిన్ సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తూ కారు చుట్టూ తిరిగాడు. ఆమె చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. ఇరవై రెండేళ్లు తెగిన దారాల్ని నడుస్తున్న మగ్గం మీదే ముడేసిన చేతులవి.

కుడి లైటు దగ్గరికొచ్చి సబ్బునీళ్ల గుడ్డ పెట్టబోతూ ఆగింది. ఫిల్ము ఊడిన మూలలో అద్దం మీద జిగురు మిగిలిపోయింది. దుమ్ము పట్టి నల్లగా ఉంది. ఆ నలుపులో వెంట్రుకంత సన్నటి పోగు ఒకటి. గుడ్డ కొసతో దుమ్ము మాత్రం అద్దింది. నీలం. రెండు దారాలు పేనిన పురి, కాస్త వదులు. ఆ నూలు వాళ్ల మిల్లుది. దాన్ని తిప్పిన యంత్రం ఎప్పుడూ ఎడమవైపు పురి తక్కువ వేసేదని మిల్లులో అందరికీ తెలుసు, మేస్త్రీని అందరూ తిట్టేవాళ్లు. వీడు బంపరు మార్చాడు, కారుని పదిసార్లు కడిగించి ఉంటాడు. అయినా జిగురు ఆ పోగుని వదల్లేదు.

"ఏంటి చూస్తున్నావ్?"

"జిగురు ముదిరిపోయింది బాబూ. అరగంట పడుతుంది. బానెట్ ఎత్తు, ఫిల్ము పై అంచు లోపలికి మడిచి ఉంది."

వాడు బానెట్ ఎత్తి నిలబెట్టాడు. అదే సమయంలో వాడి ఫోన్ మోగింది. తండ్రి కాబోలు, "తీయిస్తున్నా నాన్నా, అరవకు" అంటూ గేటువైపు నడిచాడు.

విదోసావ హీట్‌గన్ తక్కువలో పెట్టింది. ఎంత ఆత్రంగా ఉన్నా జానెడు దూరం తగ్గించలేదు. పై మూల లేచింది. మడిచినట్టుగా, వేలెడు వేలెడు చొప్పున, కింది చిరుగువైపు లాక్కొచ్చింది. చిరిగిన అంచు దగ్గర గాలి పూర్తిగా ఆపేసి, ఒట్టి వేళ్ల వేడితోనే వదిలించింది. ఫిల్ము ఒక్క ముక్కగా చేతిలోకి వచ్చింది. జిగురువైపుని మూల మీద మెల్లగా రెండుసార్లు అద్దింది. అక్కడి పాత జిగురు, దానితో పాటు నీలి పోగు, ఫిల్ముకి అంటుకుని లేచాయి. గేటు దగ్గర వుకాషిన్ వీపు కనపడుతోంది. ఫోన్ చేసే వ్యవధి లేదు. దాచడానికి ఆ షెడ్డులో వాడు వెతికితే దొరకని చోటు లేదు. ఆమె చొక్కా పైకెత్తి ఫిల్ముని జిగురువైపుగా తన కడుపుకి అంటించుకుంది. అరచేత్తో చదును చేసి, చొక్కా దించి, పైన ఏప్రన్ బిగించుకుంది. స్పిరిట్ గుడ్డతో లైటు తుడుస్తూ నిలబడింది.

వుకాషిన్ వచ్చి లైట్లు చూశాడు. రెండూ నీటిబొట్లలా ఉన్నాయి. "భేష్" అన్నాడు. డబ్బాలో చెయ్యి పెట్టి పెళ్లలు తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు.

"రెండోదేది?"

"అందులోనే బాబూ. అదీ పొడైపోయింది."

వాడు డబ్బా బోర్లించాడు. పెళ్లలన్నీ కాలితో పరిచి చూశాడు. తల నెమ్మదిగా ఎత్తాడు. వాడికి తెలివి తక్కువని ఊరంతా అంటారు గానీ, భయపడ్డవాడికి తెలివి దానంతటదే వస్తుంది.

"నువ్వు చచ్చినదాని తాలూకు మనిషివా?"

ఆమె స్పిరిట్ సీసాకి మూత పెట్టింది. వాడు చెంప మీద కొట్టాడు. ఆమె బల్లకి తగిలి, స్పిరిట్ సీసాతో సహా కింద పడింది. తలుపు మూసి గడియ వేశాడు. అవతల బ్లగోయె షెడ్డులో బ్రేకులు పరీక్షించే రోలర్లు గర్జిస్తున్నాయి. అవి తిరుగుతున్నంతసేపు ఈ షెడ్డులో ఎంత అరిచినా బయటికి వినపడదు. అయినా ఆమె అరిచింది. రాదిసావ్ దగ్గర పన్నెండేళ్లు అరవని అరుపులన్నీ అప్పుడే అరిచింది.

"ఎక్కడ పెట్టావే? చెప్పు!"

బూటుకాలితో తన్నాడు. ఆమె గోడవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, మోచేతులతో కడుపు కప్పుకుంది. ఒళ్లు దానంతటదే ఆ పని చేసింది. పక్కటెముకల మీద ఒకటి, మోచేతి మీద ఒకటి, మోచేతుల సందులోంచి కడుపు మీద ఒకటి. ఆ మూడో దెబ్బకి లోపల ఏదో తెగినట్టయి కళ్లు చీకట్లు కమ్మాయి. వాడు జుట్టు పట్టి లేపాడు. సొరుగులు లాగి పారేశాడు, ఆమె కూర్చునే పరుపు ముక్క చింపాడు, ఏప్రన్ జేబులు చించాడు. కడుపు మీద చెయ్యి వేశాడు కూడా. కానీ చొక్కా కింద ఫిల్ము చర్మంలా అతుక్కుని ఉంది, చేతికి ఏమీ తగల్లేదు.

"చెప్పవా? ఈ వేళ్లతోనే కదూ ఒలుస్తావ్?"

ఆమె కుడిచెయ్యి లాగి కారు ముందు అంచు మీద పెట్టి, బానెట్ బలంగా కొట్టాడు.

ఎముకలు విరిగిన చప్పుడు ఆమెకి వినపడింది. నొప్పి కొంచెం ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేలోపు ఎడమచెయ్యి బల్ల మీద తడుముకుని హీట్‌గన్ అందుకుంది. బొటనవేలితో మీటని చివరిదాకా తోసింది. ఎప్పుడూ ఎక్కించని వేడి అది. వాడు రెండోసారి బానెట్ ఎత్తుతుండగా ఆ ఇనుప మూతిని వాడి చెవికిందా మెడ మీదా ఆనించి అలాగే నొక్కిపట్టింది. మాడిన వాసన వచ్చింది. వాడు పందిలా అరిచాడు. తోసేశాడు. ఆమె పడుతూ కూడా వదల్లేదు, తీగ తెగేదాకా నొక్కింది.

సరిగ్గా అప్పుడే రోలర్లు ఆగాయి. ఆ అరుపు బ్లగోయెకి వినపడింది. ఆయన పుట్టు పిరికివాడు, పొద్దున వుకాషిన్ కారు చూసి తలుపు దగ్గరగా వేసుకున్నది కూడా ఆయనే. అయినా చక్రాలు విప్పే ఇనుపకడ్డీ పట్టుకుని పరుగెత్తుకొచ్చి గడియ బద్దలుకొట్టాడు. వుకాషిన్ కాలిన మెడ పట్టుకుని, ఆయన్ని గుద్దుకుంటూ కారెక్కి, షెడ్డులోంచి వెనక్కి నడిపి, గేటు కడ్డీ విరగ్గొట్టుకుని పోయాడు.

"విదక్కా! అయ్యో, చెయ్యి... అంబులెన్సు పిలుస్తా. మిలాదిన్‌ని పిలవనా?"

"వద్దు" అంది విదోసావ. నోట్లోంచి నెత్తురుతో పాటు ఒక పన్ను పడింది. "మిలాదిన్‌కి ఇప్పుడే చెప్పకు, నీకు దణ్ణం పెడతా. బల్ల వెనక గోడకి ఒక నంబరు అతికించి ఉంది. జగోర్కాని రమ్మను. ఆస్పత్రికి రమ్మను. నా బట్టలు ఎవ్వర్నీ తీయనివ్వకు."

ఆస్పత్రిలో నర్సు చొక్కా కత్తిరించబోతే ఎడమచేత్తో కత్తెర పట్టేసుకుంది. విరిగిన వేళ్లకి సూది మందు ఇస్తామంటే, మగత వస్తుందని వద్దంది. అలా నలభై నిమిషాలు పళ్లు బిగించి పడుకుంది. జగోర్కా వచ్చి, తలుపు వేసి, కెమెరా తెరిచాకే చొక్కా ఎత్తింది.

పొట్ట మీద పసుపు ఫిల్ము. దాని కింద బూటు దెబ్బ కమిలి నీలం తేలుతోంది. పసుపులోంచి చూస్తే అది ఆకుపచ్చగా కనపడింది. జగోర్కా ఫొటోలు తీసి, "పెద్దమ్మా, డాక్టరు తీస్తారు, నువ్వు పడుకో" అంది.

"డాక్టరుకేం తెలుసు? గుంజుతాడు, సాగుతుంది. గోరువెచ్చటి తడిగుడ్డ తెప్పించు. వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె ఉంటే రెండు చుక్కలు. చిరిగిన అంచుకి నూనె తగలనివ్వకు, ఆ నీలి పోగుకీ తగలనివ్వకు."

వెచ్చటి గుడ్డ అంచుల మీద ఆనించి మెత్తబడనిచ్చి, ఎడమచేతి గోరుతో మూల లేపింది. కమిలిన చర్మం ఫిల్ముతో పాటు లేచినచోటల్లా నర్సు మొహం తిప్పుకుంది. విదోసావ మాత్రం లైటు మీంచి తీసినట్టే, మడిచినట్టుగా, వేలెడు వేలెడు చొప్పున లాగింది. ఊపిరి వదిలినప్పుడే లాగేది, పీల్చినప్పుడు ఆగేది. పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు కాబట్టి జగోర్కా తొడుగులేసుకుని అటు అంచు పట్టుకుంది. పావుగంటలో ఒక్క ముక్కగా వచ్చింది. దాన్ని గాజు పలక మీద పరిచాకే ఆమె, "ఇప్పుడు ఇవ్వండి సూది" అని కళ్లు మూసుకుంది.

మధ్యాహ్నానికి జగోర్కా కవర్లోని ముక్కని పక్కన పెట్టి చూసింది. చిరుగు చిరుగులో కూర్చుంది. సాయంత్రంలోపు క్వారీ గేటు దగ్గర దోబ్రివోయె మనుషులు పారలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. ఒక కానిస్టేబులుకి తల పగిలింది. జగోర్కా గాల్లోకి రెండుసార్లు కాల్చి, మెడకి వెన్న రాసుకుని మంచం కింద దాక్కున్న వుకాషిన్‌ని కాళ్లు పట్టి ఈడ్చుకొచ్చింది.

మిలాదిన్‌కి ఆ రాత్రి తెలిసింది. తెల్లారాక ఆస్పత్రి గదిలోకి దూసుకొచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నీకు ముందే తెలుసు! సైకిల్లో ముక్క దొరికిందంట! నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేసేవాడివి?"

"నరికేవాణ్ని! వాణ్నీ వాడి బాబునీ!"

"నరికేవాడివి. నిన్ను జైల్లో పెట్టేవాళ్లు. యెలిత్సా కోళ్లకి గింజలెవరు వేస్తారు బావా, వాడి బాబొచ్చి వేస్తాడా?"

"హాస్యమాడకు నాతో!"

"హాస్యం కాదు. నా చెయ్యి చూడు. నీతో హాస్యమాడే మొహమా ఇది?"

మిలాదిన్ అప్పుడు చూశాడు. ఉబ్బిపోయిన కన్ను, పన్ను లేని నోరు, మోచేతిదాకా పిండికట్టు. మంచం పక్కన నేల మీద కూలబడి, పిడికిలితో గోడని గుద్దడం మొదలుపెట్టాడు. వేళ్ల కణుపులు చిట్లి సున్నం మీద ఎర్రమరకలు పడేదాకా గుద్దాడు. ఆమె ఆపలేదు. అతనే అలిసి ఆపాక, "నర్సుని పిలువు, కట్టు కట్టించుకో" అంది.

నాలుగోనాడు పట్టపగలు ఒక కంకర లారీ తనిఖీ కేంద్రం ముందుకొచ్చి, వెనక్కి తిరిగి, రేకుల షెడ్డు మీంచి రెండుసార్లు పోయింది. చూసినవాళ్లు ఇరవైమంది. పోలీసులడిగితే ఆ ఇరవైమందికీ కళ్లలో దుమ్ము పడింది. బ్లగోయె ఒక్కడే లారీ నంబరు చెప్పాడు. ఎందుకు చెప్పావయ్యా అని భార్య తిడితే, "ఆ రోజు నేను తలుపు వేసుకున్నానే" అన్నాడట, అంతే.

విచారణ ఎనిమిది నెలలు నడిచింది. వుకాషిన్ తరఫు లాయరు ఫిల్ము పుట్టుకనే తప్పుపట్టాడు. ఒక ముసలామె కడుపు మీంచి ఊడిన ప్లాస్టిక్కు సాక్ష్యం ఎలా అవుతుందన్నాడు. జడ్జి విదోసావనే వివరించమంది. విదోసావ లేచి, అతికిన రెండు ముక్కల ఫొటో మీద ఎడమచేతి వేలు పెట్టి, సాగిన ఫిల్ముకి అంచు ఎలా తెల్లబడుతుందో, సాగనిదానికి ఎలా ఉంటుందో చెప్పింది. మాటలు తడబడలేదు. పోగు గురించి అడిగినప్పుడు మాత్రం, "అది మా మిల్లు నూలు. యెలిత్సా స్వెట్టరుది" అని కూర్చుంది. రోడ్డు మీద మనిషిని చంపి పారిపోయినందుకు, షెడ్డులో చేసినదానికి, అన్నీ కలిపి వుకాషిన్‌కి పదేళ్లు పడ్డాయి.

తీర్పు అయ్యాక వరండాలో దోబ్రివోయె ఎదురొచ్చాడు. ముసలివాడైనా కొడుకుకంటే వెడల్పు. మాట లేకుండా ఆమె మొహం మీద ఉమ్మి, చెయ్యి ఎత్తి కొట్టాడు. విదోసావ ఈసారి గోడవైపు తిరగలేదు. ఎడమచేత్తో, వరండా చివరిదాకా వినపడేలా, తిరిగి కొట్టింది. ఆయన టోపీ ఊడి మెట్ల మీద దొర్లింది. కానిస్టేబుళ్లు వచ్చేలోపు మిలాదిన్ ఆయన గుండెల మీద కూర్చున్నాడు. ముగ్గురు కలిసి లాగితే గానీ లేవలేదు.

"వదులు బావా" అంది విదోసావ. "వదిలెయ్. ముసలాడు. నాకు ఆకలేస్తోంది."

కోర్టు ఎదురుగా బొగ్గుల మీద మాంసం కాల్చే కొట్టులో ఇద్దరూ కూర్చున్నారు. మిలాదిన్ చొక్కా గుండీలన్నీ తెగిపోయి ఉన్నాయి. ఆమె కుడిచేతి మూడు వేళ్లు ఇక మడతపడవని డాక్టర్లు అప్పటికే చెప్పేశారు. రొట్టె తుంచలేకపోతోంటే మిలాదిన్ తుంచి, మాంసం ముక్కలు చేసి, పళ్లెం ఆమెవైపు జరిపాడు. ఆమె తింది. రెండో పళ్లెం కూడా చెప్పమంది.

"ఇక పని ఎలా చేస్తావ్?" అన్నాడు మిలాదిన్.

"బ్లగోయె తన షెడ్డులో ఒక మూల ఇస్తానన్నాడు. ఎడమచేత్తో మొదలుపెట్టా పోయిన వారం. ఒక లైటుకి గంటన్నర పట్టింది." నోట్లో ముద్ద నమిలి మింగింది. "వచ్చినవాడు గోల గోల. ఆగమన్నా. ఆగాడు."